గోరువెచ్చని సెల్లులు

సిరిసిల్లలో మా తమ్ముడి బిడ్డ శ్రావణి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఒక్కసారి వచ్చి తన పని చూడమని చాలా రోజులుగా నన్ను పోరుతోంది. నాకు మిషన్ల మోత పడదు, మిట్టమధ్యాహ్నం ప్రయాణం పడదు, బస్సులో కిటికీ పక్కన సీటు దొరక్కపోతే పక్కన కూర్చున్న మనిషి కూడా పడదు. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, ఎవరేం చేసినా అందులో తప్పు వెతకడం అలవాటైపోయింది. అయినా మేనకోడలు అంతగా అడుగుతుంటే కాదనలేక పోయిన నెల ఒకరోజు జగిత్యాలలో బస్సెక్కాను.

పెద్ద షెడ్డు. వరుసలు వరుసలుగా ఆడవాళ్లు కూర్చుని కుడుతున్నారు. ఆ మోతలో పక్క మనిషి మాటే వినపడదు కాబట్టి వరుసలను చూసుకునే అమ్మాయిల చేతుల్లో వాకీటాకీలు ఉన్నాయి. పొద్దున వాటిని పంచడం, మధ్యాహ్నం వెనక్కి తీసుకుని చార్జింగు పెట్టడం శ్రావణి పని. గుడ్డల మూటలకు దూరంగా, గోడవారగా ఒక ఇనుప బల్ల మీద చార్జర్లు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద ఎర్ర దీపమో పచ్చ దీపమో వెలుగుతోంది. శ్రావణి అన్నానికి లేచే ముందు ఆ వరుస వెంట నడుస్తూ ప్రతి సెట్టుకూ చేతివేళ్ల వెనుక భాగం ఆనించి చూసింది. ఒకదాని బ్యాటరీ కొంచెం ఉబ్బినట్టుంటే ఊడదీసి ఇసుక పోసిన రేకు డబ్బాలో విడిగా పెట్టింది. దీపాలున్నాయి కదా, మళ్లీ చెయ్యి ఎందుకని నా బుద్ధి కొద్దీ అడిగాను.

"దీపం నిండిందని చెప్తది అత్తమ్మా, కాలుతున్నదని చెప్పది" అంది శ్రావణి.

జ్వరం వచ్చిన పిల్లల నుదుటిని చూసినట్టు రేడియోలో వేసే బ్యాటరీ సెల్లులను అలా చేతి వెనుక భాగంతో చూసిన మనిషి నాకు తెలిసి ఇంకొక్కతే ఉంది. శ్రావణి పుట్టక ముందే ఆమె పోయింది. ఆమె మా రాజవ్వ పెద్దమ్మ, మా అమ్మకు అక్క. ఆ రోజు సిరిసిల్లలో అన్నం తింటున్నంత సేపూ నేను శ్రావణికి ఆమె సంగతే చెప్పాను.

మాది కోరుట్ల. మా వాడలో బీడీలు చుట్టని ఆడమనిషి లేదు. ఇంటికి ఎవరొచ్చినా ముందు తంబాకు వాసన ఎదురొచ్చేది, తర్వాత మేము. పొద్దున్నే అమ్మ తడి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకు విప్పేది. ఆ వాసన నాకు చాలా ఇష్టం, వాన పడ్డ అడవి ఇంట్లోకి వచ్చినట్టు ఉండేది. ఆకు కత్తిరించడం అయ్యాక అరుగు మీద ఆడవాళ్లు చేరేవారు. ఒక్కొక్కరి ఒడిలో ఒక చాట. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే నోళ్లు వాటి పని అవి చేసుకునేవి. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదు, ఎవరి మొగుడు దుబాయి నుంచి ఏం పంపాడు, అంతా అక్కడే తేలేది. మా నాన్న కూడా దుబాయిలోనే ఉండేవాడు. మా వాడలో మగవాళ్లంటే పిల్లలూ ముసలివాళ్లే, మధ్యలోవాళ్లంతా సముద్రం అవతల ఉండేవారు.

పెద్దమ్మ భర్త చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. అత్తగారి ఊరు ఎల్లంతకుంటలో మరిది మల్లయ్య సంసారం ఉంది. అక్కడ ఒక మూలన ఉండటం కంటే చెల్లెలి దగ్గర ఉండి నా రెక్కల మీద నేను బతుకుతానని ఆమె మా ఇంటికి వచ్చింది. వచ్చిన కొత్తలో వాడ మొత్తంలో ఆమె చుట్టినంత చక్కటి బీడీ ఇంకెవరూ చుట్టేవారు కాదట. కార్ఖానాలో కట్టలు విప్పి చూసేవాడు ఆమె కట్టలను విప్పకుండానే పక్కన పెట్టేవాడని అమ్మ గొప్పగా చెప్పేది. నాకు ఊహ తెలిసేసరికి ఆమె చూపు తగ్గుతోంది. కరీంనగర్ తీసుకుపోతే, కంటి వెనుక నరం ఎండిపోతున్నది, ఆపరేషనుకు లొంగేది కాదని డాక్టరు చెప్పాడు. ఆమె ఇంటికి వచ్చి, ఏమీ జరగనట్టు చాట ఒడిలో పెట్టుకుంది.

చూపు పోతుంటే చేతి అలవాటు కొంతకాలం కాపాడుతుంది. తర్వాత అదీ సరిపోదు. పెద్దమ్మ బీడీలు మూతి సరిగ్గా మడత పడక వదులైపోయేవి, కార్ఖానాలో తీసి పారేసేవారు. ఆమెకు తెలిస్తే బాధపడుతుందని, ఆమె నీళ్లకో స్నానానికో లేచినప్పుడు అమ్మ వాటిని విప్పి మళ్లీ చుట్టేది. ఒకరోజు పెద్దమ్మ వెళ్లినట్టే వెళ్లి గుమ్మంలో ఆగింది. ఆకు విప్పుతున్న చప్పుడు ఆమెకు తెలియదా మరి.

"నాయి మళ్ల సుడుతున్నవా చెల్లె?" అని మెల్లగా అడిగింది.

అమ్మ విప్పిన ఆకును చాట కిందికి తోసింది. మర్నాటి నుంచి పెద్దమ్మ చాట పట్టలేదు. మా అమ్మ ఎంత మంచిదో అంత నోరులేని మనిషి. అక్కా, నువ్వు ఊరికే కూర్చున్నా ఇది నీ ఇల్లే అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట ఆమెకు గొంతులోనే ఆగిపోయేది. పెద్దమ్మ మాత్రం ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు కూడా అతిథిలా తినడం మొదలుపెట్టింది. రెండోసారి కూర అడిగేది కాదు.

అప్పుడు ఆమెకు మిగిలింది రేడియో. మా ఇంట్లో ఉన్నది పాతకాలపు పెద్ద డబ్బా. అందులో సెల్లులు బలహీనపడి గొంతు గరగరలాడితే మా వాడ అంతటా ఒకటే వైద్యం. ఎండాకాలమైతే దండెం కింద బండ మీద ఎండబెట్టడం, వానాకాలమైతే కుంపటి దగ్గర కాచడం. ముసురు పట్టినప్పుడు బీడీ కట్టలు మెత్తబడకుండా కుంపటి మీద ఇనుప జల్లెడ బోర్లించి దాని మీద పేర్చేవాళ్లం. ఆ జల్లెడ అంచున రేడియో సెల్లులకూ చోటుండేది. వెచ్చబడ్డ సెల్లు ఇంకో రెండు పాటలైనా పాడేది. దాన్ని మేము సెల్లుకు పాణం రావడం అనేవాళ్లం. ఏ ఇంట్లోనూ ఏమీ కాలేదు కాబట్టి ఆ వైద్యం మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక వానాకాలం మా వెనక వీధి యాకూబ్ మామ దుబాయి నుంచి వచ్చాడు. నాన్న అతని చేతికి ఒక చేతి రేడియో ఇచ్చి పంపాడు. అరచేతిలో పట్టేంతది, పక్కన తాడు, మెడలో వేసుకోవచ్చు. దానితో పాటు రెండు జతల సెల్లులూ, గోడకు గుచ్చే నల్లటి డబ్బా ఒకటీ. ఈ సెల్లులు పారేసేవి కావు, అయిపోయినప్పుడల్లా మళ్లీ పాణం పోసుకోవచ్చని యాకూబ్ మామ చెప్పాడు. డబ్బా ఎట్లా వాడాలో చూపిద్దామంటే కరెంటు లేదు. ఎంతసేపటికీ రాలేదు. జగిత్యాలలో అత్తగారి వాళ్లు ఎదురుచూస్తుంటారని, వచ్చాక చూపిస్తానని వెళ్లిపోయాడు. మాకు అర్థమైంది మాత్రం ఒక్కటే, ఇవి మళ్లీ మళ్లీ పాణం పోసుకునే సెల్లులు. పాణం పోయడం ఎట్లాగో మాకు ఒకరు నేర్పాలా?

రేడియో పెద్దమ్మ మెడలో పడింది. ఆమె దాన్ని చెవికి ఆనించుకుని విని, వార్తల్లో ఏం చెప్పారో అరుగు మీద ఆడవాళ్లకు తన మాటల్లో, తన వ్యాఖ్యానంతో చెప్పేది. మంత్రులను మాత్రం బాగా తిట్టేది. పక్క వాడ వాళ్లు కూడా చాటలు పట్టుకుని మా అరుగుకే వచ్చేవారు. ఆమె ముఖంలో మళ్లీ కళ కనపడింది.

కొన్నాళ్లకు రెండు జతలూ అయిపోయి రేడియో నీరసించింది. బయట ముసురు. పెద్దమ్మ తడుముకుంటూ సెల్లులు రెండూ తీసి, ఎప్పటిలాగే కుంపటి మీద జల్లెడ అంచున పెట్టింది. కాసేపటికి వాటిని తిప్పుదామని చెయ్యి చాపింది. బుస్సుమని చప్పుడు వచ్చింది, ఆ వెంటనే టపీమని పేలింది. అందులోంచి చిమ్మిన నీరు ఆమె మణికట్టు మీద పడింది. మొదట సబ్బునీళ్లలా జారుడుగా ఉందని ఆమె అంటుండగానే మంట మొదలైంది. అమ్మ బిందెలకు బిందెలు నీళ్లు ధారగా పోసింది. జల్లెడ ఒరిగి, నిప్పులు చాప మీద పడి ఒక మూల కాలింది. నేను చెంబుతో నీళ్లు చల్లి ఆర్పాను. ఇంత జరిగినా ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

చేతికి కట్టు కట్టించుకుని వచ్చాక పెద్దమ్మ రేడియోను పాత చీర ముక్కలో చుట్టి నా చేతికిచ్చి పెట్టెలో పెట్టమంది. కండ్లు పోతే పోయినయి, చెల్లె ఇల్లు కూడా కాలబెడితే ఎట్లా అని తనలో తాను అనుకుంటూ కూర్చుంది. ఎల్లంతకుంట వైపు పోయే మనిషి ఎవరో దొరికితే, వచ్చి తీసుకుపొమ్మని మరిదికి కబురు పంపింది. నాట్లు అయిపోగానే వస్తానని మల్లయ్య కాక తిరుగు కబురు పంపాడు. అమ్మ ఆ సాయంత్రమంతా బీడీలు చుడుతూ కళ్లు తుడుచుకుంది. తంబాకు ఘాటు అంది. నేను పుట్టినప్పటి నుంచీ ఆమె పక్కనే పడుకున్నదాన్ని, ఆ రాత్రి ఆమె కొంగు వేళ్లకు చుట్టుకుని పడుకున్నాను.

జగిత్యాల నుంచి తిరిగొచ్చిన యాకూబ్ మామకు ఈ సంగతి తెలిసి పరుగున వచ్చాడు. అరుగు చివర కూర్చుని చాలాసేపు తల పట్టుకున్నాడు. కరెంటు లేకపోయినా నోటితోనైనా చెప్పి పోవాల్సింది అన్నాడు. దుబాయిలో అతను పెద్ద బిల్డింగులు కట్టేచోట స్టోరులో పనిచేసేవాడు. క్రేను నడిపేవాళ్లు పట్టుకునే వైర్‌లెస్ సెట్లన్నీ రోజూ చార్జింగు పెట్టడం అతని పనేనట. ఒకతను సెట్టును దుప్పటి కింద చార్జింగు పెట్టి పడుకుంటే పరుపు అంటుకున్న సంగతి చెప్పాడు. అంత తెలిసిన వాళ్ల చోటే అట్లా అయితే నీదేం తప్పు అక్కా అని పెద్దమ్మను ఓదార్చాడు. ఆమె వినిపించుకోలేదు. డబ్బాను తిరిగి తీసుకుపొమ్మంది.

అతను తీసుకుపోలేదు. పేలిన సెల్లునూ, దానితో పాటు కాగిన రెండోదాన్నీ గుడ్డతో పట్టుకుని పక్కకు తీశాడు, మంటలో మాత్రం వేయొద్దన్నాడు. మిగిలిన జతను పొడి గుడ్డతో తుడిచి, తంబాకుకూ ఆకుకూ దూరంగా లోపలి గదిలో షాబాదు బండ మీద డబ్బా పెట్టించాడు. ఏ కొన ఎటు పెట్టాలో పెద్దమ్మ చేతనే తడిమించాడు. చేతులు తడిగా ఉంటే ముట్టొద్దు, ఎండలోంచి తెచ్చిన సెల్లును చల్లారనిచ్చాకే పెట్టాలి, ఒక జతలోది ఇంకో జతలో కలపొద్దు, మామూలు సెల్లులు ఈ డబ్బాలో ఎన్నడూ పెట్టొద్దు. అన్నీ ఉర్దూ కలిసిన తెలుగులో చెప్పుకుపోయాడు. అమ్మ గడియారం చూసి, ఎంతసేపు పెట్టాలని అడిగింది. మా ఊరి కరెంటు పోతూ వస్తూ ఉండేది కాబట్టి గడియారం లెక్క కుదరదని అతను నవ్వాడు.

"వేడే చెప్తది అక్కా. చల్లగుంటే ఇంక తాగుతున్నది. గోరువెచ్చగయితే నిండింది, తియ్యాలె. కాలిందంటే వెంటనే తియ్యాలె. పెట్టినంక ఇడిసిపెట్టి పోవద్దు, అంతే. దీనికి కండ్లు అక్కర లేదు" అన్నాడు యాకూబ్ మామ.

పెద్దమ్మ అప్పటిదాకా గోడ వైపు తిరిగి ఉంది. ఆ చివరి మాటకు ఇటు తిరిగింది. కట్టు లేని చేతిని చాలాసేపు గాల్లోనే ఉంచి, చివరకు వేళ్ల వెనుక భాగాన్ని సెల్లుకు ఆనించింది. ఆ రోజంతా ఆమె ఆ బండ పక్కనుంచి లేవలేదు. సాయంత్రానికి రెండూ తీసి నా చెంపకు ఆనించి, చూడు బిడ్డా, నీ అంత వెచ్చగున్నయి అంది. రేడియోలో వేస్తే గొంతు ఖంగుమంది.

ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకున్నది కాదు. దుబాయి సెల్లులు మా ఒక్క ఇంట్లోనే లేవు. వాడలో ఇంటింటికీ ఒక రేడియో వచ్చింది. కొందరు చార్జరును అటక మీద పడేశారు, కొందరు అందులో మామూలు సెల్లులు పెట్టి కారబెట్టుకున్నారు. కొందరు మా లాగే కుంపటి దాకా పోయి మా ఇంటి సంగతి విని భయపడి ఆగారు. ముందు పక్కింటావిడ తెచ్చింది, తర్వాత వెనకింటావిడ. పెద్దమ్మ ప్రతి జతనూ బీడీ దారంతో కలిపి కట్టేది. ఒక్కో ఇంటికి ఒక్కో రకం ముడి. నిండిన వాటికి దారం ఇంకో చుట్టు ఎక్కువ. ఎవరి జత ఎవరికీ మారలేదు, ఖాళీదీ నిండినదీ కలవలేదు. కారిన మరక వేలికి తగిలితే గుడ్డతో పట్టి వెనక్కి ఇచ్చేసేది. ఎవరైనా మామూలు సెల్లు కలిపి తెస్తే దాని పైపొర తడిమి, ఇది లేవది అవ్వా, తీస్కపో అనేది. వాళ్లు బతిమాలినా ఒప్పుకునేది కాదు. మా ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా నేను అంతకు ముందు వినలేదు.

ఇక్కడిదాకా చెప్పేసరికి శ్రావణి చెయ్యి పళ్లెంలోనే ఎండిపోయి ఉంది. ఆమె దగ్గరున్న చార్జర్లు నిండగానే వాటంతట అవే ఆగిపోతాయి. ఏ సెట్టుకు ఆ చార్జరే అని వాటి మీద గుర్తులున్నాయి. మంట ఆర్పే సిలిండరు గోడకు వేలాడుతోంది. పని నేర్పడానికి మనుషులను పెట్టారు, ఆ నేర్చిన పనికి నెలనెలా జీతం ఇస్తారు. కోరుట్లలో ఇప్పుడు బీడీ చాట పట్టే ఆడపిల్లలు తక్కువ, అందుకు నాకేమీ దిగులు లేదు. తంబాకు వాసన జ్ఞాపకంలో బాగుంటుంది గానీ ఊపిరితిత్తుల్లో కాదు. ఒక్కటి మాత్రం ఇప్పటికీ నాకు కోపం తెప్పిస్తుంది. ఒక మనిషి ఒక ఇంట్లో ఉండటానికి పని చూపించుకోవాలా? పెద్దమ్మ చూపించుకోవాలనే అనుకుంది. ఈ మాట శ్రావణితో అంటే, ఇప్పటికీ చాలామంది అట్లాగే అనుకుంటారని చెప్పింది. తన వరుసలో ఒక చెయ్యి సరిగా లేని అమ్మాయి ఉందట. ఆమెకు వాకీటాకీ ఇచ్చి కబుర్లు అందించే పని అప్పగించారట, ఇప్పుడు ఆమె లేకపోతే ఆ వరుసకు తోచదట. అది విని నా కోపం కొంత తగ్గింది. అయినా శ్రావణికి కావలసింది నా కోపం కాదు.

"మరి మల్లయ్య తాత అచ్చిండా? పెద్దవ్వ పోయిందా ఎల్లంతకుంటకు?" అని అడిగింది.

నాట్లు అయిపోయాయి. మల్లయ్య కాక మాట తప్పే మనిషి కాదు, వచ్చాడు. మంచివాడు, వదినె కోసం ఇంట్లో గాలి వచ్చేచోట మంచం కూడా వేయించాడట. అమ్మ చాయ్ ఇచ్చింది. నేను పెద్దమ్మ చీరలు మడతపెట్టిన సంచి పక్కన నిలబడ్డాను. ఆ సంచి ఆమె కబురు పంపిన రోజే సర్దుకున్నది, తర్వాత ఆమె దాన్ని విప్పనూ లేదు, విప్పమని అమ్మ చెప్పనూ లేదు. పెద్దమ్మ లోపలి గదిలో బండ పక్కన కూర్చుని ఉంది. కాక గుమ్మం దగ్గరకు వచ్చి బస్సుకు వేళయిందని చెప్పాడు.

"ఇప్పుడు రానయ్యా. సెల్లులు పెట్టిన. పెట్టినంక ఇడిసిపెట్టి పోవద్దు" అంది పెద్దమ్మ.

ఎంతసేపు పడుతుందని కాక అడిగాడు. ఇంకా చల్లగానే ఉన్నాయని ఆమె చెప్పింది. సరే, తర్వాతి బస్సుకు పోదామని అతను అరుగు మీద కూర్చున్నాడు. కరెంటు పోయింది, వచ్చింది. ఆ జత వెచ్చబడేసరికి వెనకింటావిడ ఇంకో జత తెచ్చి గడప మీద పెట్టింది. పెద్దమ్మ దాన్ని తీసుకుని దారం కట్టడం మొదలుపెట్టింది. కాక ఏం చేయాలో తోచక అమ్మ వైపు చూశాడు. నేనూ అమ్మ వైపే చూస్తున్నాను. ఇప్పుడు కూడా ఆ మాట ఆమె గొంతులోనే ఆగిపోతే ఇక ఎన్నటికీ రాదని నాకు భయం వేసింది.

అమ్మ చాట దించి పక్కన పెట్టింది. లేచి వచ్చి ఆ సంచి తీసుకుని, చీరలన్నీ బయటికి తీసి దండెం మీద వేసింది.

"అక్క రాదు మల్లన్నా. సెల్లులు ఉన్నా రాదు, లేకున్నా రాదు. ఇది ఆమె ఇల్లు. నువ్వు అన్నం తిని పో" అంది.

లోపల పెద్దమ్మ చేతిలో ముడి సగంలో ఆగిపోయింది. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ముడి బిగించి ఆ జతను బండ మీద పెట్టింది.

"మా మరిదికి నెయ్యి జర ఎక్కువ పొయ్యి చెల్లె. నాకు గూడ పెట్టు, ఆకలైతున్నది" అంది.

ఆ పూట ఆమె రెండోసారి కూర అడిగి వేయించుకుంది.